ఒకే ఇంట్లో ముగ్గురికి స్టాటిన్ మూడు రకాలుగా పనిచేసింది. జీన్ టెస్ట్ చేయించాలా?

వంశధార (గుణుపురం, జనరల్ ప్రాక్టీసు)

మిత్రులకు నమస్కారం. గుణుపురం దగ్గర ఒక తెలుగు కుటుంబం. తోబుట్టువులు ముగ్గురికీ ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) ఎక్కువే, ముగ్గురికీ స్టాటిన్ (దాన్ని తగ్గించే మాత్ర) మొదలైంది.

పెద్దాయనకి 46 ఏళ్లు. మందుకి ముందు ఎల్‌డీఎల్ 238. అటోర్వాస్టాటిన్ 40 మూడు నెలలు వాడాక 171. తమ్ముడికి 41. ఆయనకి 226 ఉండేది, అదే అటోర్వా 40తో 112కి దిగింది. చెల్లెలికి 38. ఎల్‌డీఎల్ 219 ఉంటే రోజువాస్టాటిన్ 20 ఇచ్చారు. ఐదో వారంలో తొడలు రెండూ నొప్పి, పీట మీంచి లేవడం కష్టమైంది. సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 710, ల్యాబ్ వాళ్ల పైహద్దు 170.

తండ్రి 48 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. తల్లికి ఎల్‌డీఎల్ 124, మందులేమీ లేవు. పెద్దాయన భార్య ఆయనకి సొంత మేనత్త కూతురే. పిల్లలు 12, 9 ఏళ్లవాళ్లు. ఆ పిల్లలకి గానీ వాళ్లమ్మకి గానీ పరీక్షలేవీ జరగలేదు. పెద్దాయన నాలుగు నెలలుగా టీబీ మందులు కూడా వాడుతున్నారు, అది బాగానే నయమవుతోంది. 238 అన్నది టీబీ బయటపడక ముందు చేయించిన రిపోర్టు.

ఒక ల్యాబ్ ఏజెంటు వచ్చి "స్టాటిన్ జీన్ ప్యానెల్ చేయిస్తే ఎవరికి ఏ మందు సరిపడుతుందో తేలిపోతుంది" అంటున్నారు. అందులో ఎస్‌ఎల్‌సీఓ1బీ1, ఏబీసీజీ2, ఏపీఓఈ, సీఈటీపీ, కేఐఎఫ్6 అనే జీన్లు ఉన్నాయి. ముగ్గురికీ చేయించాలంటే వాళ్లు అప్పు చేయాలి. చేయించడంలో అర్థముందా?

మహేంద్రగిరి (క్లినికల్ ఫార్మకాలజీ, పర్లాకిమిడి)

డాక్టరు గారూ, జీన్ సంగతి పక్కన పెట్టండి. మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పిన టీబీ మందుల్లోనే పెద్దాయన జవాబు ఉంది.

ఆ టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ ఒకదానికొకటి ఎదురైన రెండు పనులు చేస్తుంది. వారం పది రోజులు వాడేసరికి లివర్లోనూ పేగు గోడలోనూ సీవైపీ3ఏ4 అనే ఎంజైమును బాగా పెంచేస్తుంది. అటోర్వాని అరగదీసేది ఆ ఎంజైమే. రెండోది, రిఫాంపిసిన్ రక్తంలో ఎక్కువగా ఉన్న కొద్ది గంటలూ ఓఏటీపీ1బీ1 అనే ప్రొటీన్‌కి అడ్డుపడుతుంది. అటోర్వాని రక్తంలోంచి లివర్ కణంలోకి లాక్కునేది ఆ ప్రొటీన్. మీ ప్యానెల్‌లో మొదట రాసి ఉన్న ఎస్‌ఎల్‌సీఓ1బీ1 జీన్ తయారుచేసేది దాన్నే.

ఇప్పుడు వేళలు చూడండి. టీబీ మందులు పొద్దున్నే పరగడుపున, కొలెస్ట్రాల్ మాత్ర రాత్రి పడుకోబోయే ముందు. ఊళ్లో అందరూ ఇలాగే వేసుకుంటారు, మనమూ అలాగే రాస్తాం. ఇలా విడివిడిగా వేసుకుంటే రక్తంలో అటోర్వా మొత్తం 80 శాతం పడిపోతుంది. అంటే 40 మింగిన మనిషికి 8 మింగినంత. రెండూ ఒకేసారి మింగితే మాత్రం మొత్తం దాదాపు మామూలుగానే, 1.12 రెట్లు ఉంటుంది. రిఫాంపిసిన్ కోర్సులో ఉన్నవాళ్లు అటోర్వాని దానితో పాటే వేసుకోవాలని మందు లేబుల్‌లోనే ఉంది, ఎవరూ చదవరు. అటోర్వా ఒంట్లో ఎక్కువ సేపు నిలిచే మందు, రాత్రే వేసుకోవాలన్న నియమం దానికి లేదు. ఆ నియమం సింవాస్టాటిన్‌ది.

ఒక జాగ్రత్త. కలిపి వేసుకుంటే మొత్తం మారకపోయినా రక్తంలో గరిష్ఠ స్థాయి సుమారు మూడు రెట్లు అవుతుంది. కండరాల నొప్పి అడుగుతూ ఉండండి. టీబీ మందులతోనే లివర్‌కి భారం కాబట్టి ఎస్‌జీపీటీ ఎలాగూ చూస్తారు. అది వద్దనుకుంటే రోజువాకి మార్చండి, దానికి సీవైపీ3ఏ4తో పెద్దగా పని లేదు. ఏది చేసినా ఎల్‌డీఎల్ 6 వారాలకి చూడండి.

ఇక్కడ జరిగే అసలు ప్రమాదం వేరే ఉంది. 171 చూసి "40 చాలలేదు" అని 80 రాసేస్తారు. రెండు నెలల్లో టీబీ కోర్సు అయిపోతుంది. రిఫాంపిసిన్ ఆపిన రెండు వారాలకి ఎంజైము తన మామూలు స్థాయికి దిగుతుంది. ఆ రోజు నుంచి అదే 80 మాత్ర అంతకుముందుకి ఐదు రెట్లు బలంగా పనిచేస్తుంది. ఎవరూ డోసు మార్చలేదు కాబట్టి నొప్పులొచ్చినా ఎవరికీ మాత్ర మీద అనుమానం రాదు. అందుకని దయచేసి డోసు పెంచకండి.

చెల్లెలి సంగతి. 710 అంటే హద్దుకి 4 రెట్లు దాటింది, నొప్పి కూడా ఉంది. రోజువా ఆపి 6 వారాలు ఆగండి. ఈలోపు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి, క్రియాటినిన్ చూడండి. థైరాయిడ్ తగ్గితే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, స్టాటిన్‌తో కండరాల నొప్పీ ఎక్కువగా వస్తుంది. ఒక్క కారణం రెండు బాధలు. సీకే తీసే ముందు రెండు మూడు రోజులు నాట్లు, కోతలు, బరువులు మోయడం ఉన్నాయేమో అడగండి. రోజంతా వంగి నాటేసిన మనిషికి మందు లేకపోయినా సీకే పెరుగుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, సీకే 10 రెట్లు దాటినా మాత్రం ఇంట్లో ఉంచకుండా బరంపురం పంపేయండి.

ఆవిడకి జీన్ పరీక్ష చేయిస్తే ఏమొస్తుందో లెక్క వేద్దాం. ఎస్‌ఎల్‌సీఓ1బీ1లో 521వ స్థానంలో టీ బదులు సీ ఉంటే ఆ ప్రొటీన్ సరిగా పనిచేయదు, మందు లివర్లోకి పోకుండా రక్తంలో తిరిగి కండరానికి చేరుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు కాపీలూ సీ అయితే రక్తంలో సింవాస్టాటిన్ ఆమ్లం 3 రెట్లు దాటుతుంది. అటోర్వా 2.4 రెట్లు, రోజువా 1.6 రెట్ల దాకా. 2008లో వచ్చిన సెర్చ్ అధ్యయనం సింవా 80 మీద జరిగింది. కండర జబ్బు ముప్పు ఒక సీ కాపీకి 4.5 రెట్లు, రెండు కాపీలకి సుమారు 17 రెట్లు. ఆ తర్వాతే, 2011లో, అమెరికాలో సింవా 80ని కొత్తవాళ్లకి ఇవ్వొద్దన్నారు. ఆ అంకెలు తెచ్చి రోజువాకి అతికించకూడదు.

సీపీఐసీ (జీన్ ఫలితాన్ని బట్టి మందు డోసు సూచించే అంతర్జాతీయ బృందం) 2022 సూచనల ప్రకారం రెండు కాపీలూ పాడైతే రోజువా 20 దాటకుండా మొదలెట్టాలి. ఏబీసీజీ2 (మందుని కణంలోంచి బయటికి తోసే ప్రొటీన్ జీన్) పూర్తిగా పనిచేయకపోయినా అదే 20. ఆవిడ వేసుకున్నదే 20! ఫలితం ఎలా వచ్చినా ఇప్పుడు మీరు చేసేది ఒక్కటే: నొప్పి తగ్గి సీకే మామూలయ్యాక 5 మిల్లీగ్రాములతో, కావాలంటే రోజు విడిచి రోజు, మళ్లీ మొదలెట్టడం. ఆసియావాళ్లలో రోజువా రక్తంలో సుమారు రెండింతలు ఉంటుందనీ, 5తోనే మొదలెట్టమనీ అమెరికా లేబుల్ ఎప్పటి నుంచో చెబుతోంది. మనవాళ్లకి 20తో మొదలెట్టడం హార్ట్ ఎటాక్ వచ్చిన మనిషికి సబబు కావచ్చు గానీ ఈవిడకి తొందరే. ఎజెటిమైబ్ 10 (పేగు కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని తగ్గించే మాత్ర) కలపండి, అది కండరం జోలికి పెద్దగా పోదు. ఇంకో మాట, వయసు 38 కాబట్టి గర్భం ఆలోచన ఉందేమో మాత్ర రాసే ముందే అడగాలి.

నాగావళి_ల్యాబ్ (రాయగడ)

ఆ ప్యానెల్‌లో ఉన్నవాటి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

కేఐఎఫ్6 కోసం రూపాయి కూడా పెట్టొద్దు. ఒక రకం కాపీ ఉన్నవాళ్లకి స్టాటిన్ ఎక్కువ మేలు చేస్తుందని మొదట్లో అన్నారు. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 18 వేల మందికి పైగా పరీక్షించి చూస్తే ఆ రకం ఉన్నా లేకపోయినా మేలు ఒకటే. సీఈటీపీ రకాన్ని బట్టి స్టాటిన్ డోసు మార్చమని ఏ మార్గదర్శకమూ చెప్పదు. ఏపీఓఈ నిజంగానే కొంత తేడా చూపిస్తుంది. ఈ2 రకం ఉన్నవాళ్లకి స్టాటిన్ కాస్త బాగా పనిచేస్తుంది, ఈ4 రకం ఉన్నవాళ్లకి కాస్త తక్కువ. కానీ ఆ తేడా కొద్ది శాతాలే, అన్నకి తగ్గిన 28 శాతానికీ తమ్ముడికి తగ్గిన 50 శాతానికీ మధ్య ఉన్న దూరాన్ని అది పూడ్చలేదు. పైగా ఏపీఓఈ4 రిపోర్టులో మతిమరుపు జబ్బు ముప్పు కూడా రాసుకొస్తారు. అడగని కబురు అది, ఇంటిల్లిపాదినీ భయపెడుతుంది.

దానికంటే తక్కువ ఖర్చులో రెండు పనులు చేయండి. ఒకటి, పాత రిపోర్టులన్నీ తెప్పించి ట్రైగ్లిజరైడ్ ఎంతుందో చూడండి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కొలవరు, లెక్కగడతారు: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్‌లో ఐదో వంతు తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్ 400 దాటితే ఆ లెక్క చెల్లదు. ఒక రిపోర్టు లెక్కగట్టినది, ఇంకోటి నేరుగా కొలిచినది అయితే రెండింటినీ పోల్చి "మందు పనిచేయలేదు" అనకూడదు.

రెండు, లైపోప్రొటీన్ (ఏ) పరీక్ష. జీవితంలో ఒక్కసారి చాలు. అది పుట్టుకతో వచ్చే అంకె. అందులోని కొలెస్ట్రాల్ కూడా మన ఎల్‌డీఎల్ అంకెలోనే కలిసిపోతుంది, స్టాటిన్ దాన్ని తగ్గించదు. అది బాగా ఎక్కువున్న మనిషికి స్టాటిన్ సరిగా పనిచేస్తున్నా చేయనట్టే కనిపిస్తుంది. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు, లేదా లీటరుకి 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ. రిపోర్టులో ఏ కొలమానమో చూసుకోండి, ఒకదాన్నొకటి గుణించి మార్చకండి.

వంశధార

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. పెద్దాయన్ని అడిగితే నిజంగానే టీబీ మందులు పొద్దున 6కి, అటోర్వా రాత్రి 9కి. మార్చాను, 80 జోలికి పోలేదు. చెల్లెలికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది, విటమిన్ డి 11, తక్కువే. రోజువా ఆపించాను.

ఇంకో సంగతి. తమ్ముడి మడమ వెనక నరం రెండు వైపులా లావుగా, గరుగ్గా తగిలింది. ఇది ఫెమిలియల్ హైపర్‌కొలెస్ట్రోలీమియా (వంశంలో పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువుండే జబ్బు) అనుకోవచ్చా? అలాగైతే ఏ జీన్ పరీక్ష? మేనరికం గురించి ఏం చేయాలి?

ఋషికుల్య (బరంపురం, లిపిడ్ క్లినిక్)

అనుకోవచ్చు, దాదాపు ఖాయం. డచ్ స్కోరు (ఈ జబ్బుని మార్కులేసి తేల్చే పద్ధతి) వేసి చూడండి. తమ్ముడి ఎల్‌డీఎల్ 190కీ 249కీ మధ్య ఉంది, 3 మార్కులు. తండ్రికి 55 లోపు గుండెపోటు, 1. మడమ స్నాయువులో (మీరు నరం అన్నది, కండరాన్ని ఎముకకి కట్టే తాడు) కొవ్వు గడ్డకి 6. మొత్తం 10. 8 దాటితే నిర్ధారణే. అదే స్కోరు పెద్దాయనకి స్నాయువు మామూలుగా ఉంటే, తమ్ముడి గడ్డకి వచ్చే 2 మార్కులు కలిపినా 5 దగ్గరే ఆగిపోతుంది, అయినా ఇంట్లో ఒకరికి తేలింది కాబట్టి మిగతావాళ్లకి ఆ స్కోరుతో పని లేదు.

స్నాయువు చూసే పద్ధతి మిగతావాళ్ల కోసం చెబుతాను. మనిషిని కుర్చీ మీద మోకాళ్లపై, పాదాలు బయటికి వేలాడేలా ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య స్నాయువుని పట్టుకుని పిక్క నుంచి మడమ దాకా జార్చండి. మామూలుది తాడులా సమంగా, పక్క అంచులు స్పష్టంగా తగులుతుంది. గడ్డలున్నది మధ్యలో కదురులా ఉబ్బి అంచులు దొరకవు. తర్వాత అరచేతి వెనక వైపు చూడండి. వేళ్లు ముడిచి తెరిపిస్తే ఆ గడ్డ స్నాయువుతో పాటు కదులుతుంది, చర్మంతో కాదు. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం 45 లోపు వాళ్లకే లెక్క. 41 ఏళ్ల తమ్ముడిలో కనిపిస్తే అర్థముంది, 46 ఏళ్ల అన్నగారిలో కనిపిస్తే మార్కులు లేవు.

ఈ జబ్బు ఉన్నా తమ్ముడికి 50 శాతం ఎలా తగ్గిందని అడుగుతారు. స్టాటిన్ లివర్ కణంలో కొలెస్ట్రాల్ తయారీని ఆపుతుంది. కణానికి కరువొచ్చి ఎస్‌ఆర్‌ఈబీపీ2 అనే ప్రొటీన్ మేలుకుని ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. అవి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటాయి. ఒక జీన్ కాపీ పాడైనవాళ్లకి రెండోది బాగుంటుంది కాబట్టి మందు పనిచేయడానికి చోటుంది. అదే ఎస్‌ఆర్‌ఈబీపీ2 పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ని కూడా పెంచుతుంది, అది రిసెప్టర్లని నాశనం చేస్తుంది. అందుకే స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతమే. 112 నుంచి కిందికి దించాలంటే 80కి పోయే కంటే 40 మీదే ఎజెటిమైబ్ 10 కలపడం మేలు, సుమారు 20 శాతం వస్తుంది.

జన్యువుల్లోని తేడాలు మనకి చేసిన పెద్ద ఉపకారం డోసు చెప్పడం కాదు, కొత్త మందు చూపించడం. 2003లో ఫ్రెంచి కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అతిగా పనిచేసే మార్పు కనబడింది. 2006లో దానికి సరిగ్గా ఎదురైనది: పుట్టుకతోనే పీసీఎస్‌కే9 ఒక కాపీ పనిచేయని నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం, గుండెజబ్బు 88 శాతం తక్కువ. ఎవొలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్, ఆరు నెలలకొకసారి వేసే ఇంక్లిసిరాన్, అన్నీ పీసీఎస్‌కే9ని అడ్డుకునే ఇంజెక్షన్లే, అక్కడి నుంచి పుట్టినవే.

ఇక మేనరికం. డాక్టరు గారూ, నాకు మీ పోస్టులో అన్నింటికంటే భయం వేసింది ఆ ఇద్దరు పిల్లల గురించి. తోబుట్టువుల తల్లికి ఎల్‌డీఎల్ మామూలు కాబట్టి జబ్బు వాళ్ల తండ్రి వైపు నుంచి వచ్చినట్టే. అలాగైతే తండ్రి చెల్లెలికి, అంటే మేనత్తకి, ఉండే అవకాశం సగం. ఆవిడ కూతురికి నాలుగో వంతు. బయటి సంబంధమైతే ఆ అవకాశం 250 మందిలో ఒకరికే. భార్యాభర్తలిద్దరికీ ఉంటే ప్రతి బిడ్డకీ రెండు కాపీలూ పాడయ్యే అవకాశం నాలుగో వంతు. అలాంటి పిల్లలకి ఎల్‌డీఎల్ 400 దాటిపోతుంది, మోచేతులు, మోకాళ్లు, పిర్రలు, వేళ్ల సందుల్లో పసుపుపచ్చ గడ్డలొస్తాయి, చికిత్స లేకపోతే ఇరవై ఏళ్లు రాకముందే గుండె దెబ్బతింటుంది. ఊళ్లో వాటిని ఉలిపిర్లనుకుని సున్నం పెడతారు, లేదా కోయించేస్తారు.

మన రాయగడ, కొరాపుట్ వైపు సికిల్‌సెల్ పరీక్షల వల్ల "క్యారియర్" అన్న మాట అందరికీ తెలుసు. అదే అర్థంలో ఇక్కడ వాడకండి. సికిల్ క్యారియర్‌ మామూలుగానే తిరుగుతాడు. ఈ జబ్బులో ఒక కాపీ ఉన్నవాడు కూడా రోగే, మందు వాడాల్సినవాడే. "క్యారియర్ మాత్రమే" అని మీరంటే ఇంటికెళ్లి మాత్ర మానేస్తారు.

చేయాల్సింది చవకే. రేపే భార్యకి, పిల్లలిద్దరికీ లిపిడ్ ప్రొఫైల్ తీయించండి. భార్యకి 110 లాంటి అంకె వస్తే ఆవిడ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు, పిల్లలకి రెండు కాపీల గండం తప్పినట్టే. పిల్లల్లో ఎవరికైనా 160 దాటితే ఒక కాపీ ఉన్నట్టే లెక్క. ఎనిమిది పదేళ్ల నుంచి తక్కువ డోసు స్టాటిన్ ఇవ్వొచ్చు. 400 దగ్గరికొస్తే ఆగకుండా భువనేశ్వర్ గానీ విశాఖ గానీ పంపండి. రిసెప్టర్ బొత్తిగా లేని పిల్లలకి పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు కూడా పనిచేయవు, కాపాడటానికి రిసెప్టరే లేదు కదా. వాళ్లకి లోమిటాపైడ్, ఎవినాక్యుమాబ్, రక్తంలోంచి ఎల్‌డీఎల్ వడకట్టడం లాంటి వేరే దారులు చూడాలి.

మేనత్త కుటుంబాన్ని కూడా వదలొద్దు. అయితే "మీ వైపు నుంచే జబ్బొచ్చింది" అన్న మాట రాకూడదు. ఇద్దరి తాతముత్తాతలూ ఒకరే, అలాగే చెప్పండి.

వంశధార

భార్యకీ పిల్లలకీ రేపు పొద్దున్నే తీయిస్తాను. పరగడుపున రావాలా? ఒకవేళ జీన్ పరీక్ష చేయించాల్సి వస్తే ముగ్గురికీనా?

నాగావళి_ల్యాబ్

పిల్లల్ని ఆకలితో కూర్చోబెట్టకండి. ఎల్‌డీఎల్ ఎక్కువుందో లేదో చూడటానికి తిన్నాక తీసినా ఫర్వాలేదు. ట్రైగ్లిజరైడ్ 400 దాటితేనే పరగడుపున మళ్లీ తీద్దాం. జ్వరం వచ్చి తగ్గిన పిల్లలైతే మూడు నాలుగు వారాలు ఆగండి, ఎల్‌డీఎల్ తక్కువగా చూపిస్తుంది.

జీన్ పరీక్ష ముందు ఒక్కరికే, జబ్బు గుర్తు స్పష్టంగా ఉన్న తమ్ముడికి. ఏజెంటు చెప్పిన ప్యానెల్ కాదు. ఎల్‌డీఎల్‌ఆర్, ఏపీఓబీ, పీసీఎస్‌కే9, ఎల్‌డీఎల్‌ఆర్‌ఏపీ1, ఈ నాలుగు జీన్లూ పూర్తిగా చదివే ఎన్‌జీఎస్ పరీక్ష అడగండి. నాలుగోది మేనరికపు ఇళ్లలో మరీ ముఖ్యం. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బు చేస్తుంది, తల్లిదండ్రుల ఎల్‌డీఎల్ మామూలుగానే ఉండొచ్చు. ఎల్‌డీఎల్‌ఆర్‌లో పెద్ద ముక్కలే ఊడిపోయిన మార్పులు పట్టుకుంటారా అని కూడా అడగండి. ఈ జబ్బు కుటుంబాల్లో సుమారు పదో వంతుకి కారణం అవే, అక్షరాలు మాత్రమే చదివే పరీక్ష వాటిని వదిలేస్తుంది.

తమ్ముడిలో మార్పు దొరికితే మిగతావాళ్లకి ఆ ఒక్క చోటే చూస్తారు, ఖర్చు చాలా తక్కువ. "అర్థం తేలని మార్పు" అని రాసుంటే దాంతో ఎవరికీ జబ్బుందనీ లేదనీ చెప్పకండి. ఏమీ దొరకలేదని వచ్చినా తమ్ముడి మందు ఆపకూడదు, మడమలో గడ్డ ఆ రిపోర్టు కంటే గట్టి సాక్ష్యం.

శాంపిల్ ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 3 మిల్లీలీటర్లు. తీయగానే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గడ్డకడితే పనికిరాదు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి రైల్లో విశాఖ పంపేయండి. ఎండాకాలమైతే ఐస్ ప్యాక్‌కీ ట్యూబుకీ మధ్య గుడ్డ చుట్టండి, నేరుగా తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి. ట్యూబు మీద పేరు, వయసుతో పాటు తండ్రి పేరు కూడా రాయండి. ఒకే ఇంటిపేరుతో ఐదుగురి శాంపిళ్లు వెళ్తే తారుమారయ్యేది అక్కడే.